మొహమాటం లేని మిషను

మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో మొన్నొక సాయంత్రం పై అంతస్తు అమ్మాయి నా పక్కన కూలబడి ల్యాప్‌టాప్ మూసేసింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగం. తమ సాఫ్ట్‌వేర్ కొంటే ఎదుటి కంపెనీకి ఏం ఒరుగుతుందో స్లైడ్ల మీద చూపించడం ఆ పిల్ల పని. ఎన్ని బాణం గుర్తులు వేసినా, ఎన్ని రంగులు పులిమినా ఆ కంపెనీవాళ్ళు "మాకేంటి లాభం?" అనే అడుగుతున్నారట. "అంకుల్, మీ కాలంలో కంప్యూటర్ వల్ల లాభమేంటో కంపెనీలకి ఎలా చూపించేవారు?" అంది.

"క్యాలెండర్ వేసి ఇచ్చేవాళ్ళమమ్మా" అన్నాను.

ముసలాయన హాస్యమాడుతున్నాడనుకుని నవ్వి వెళ్ళిపోయింది. హాస్యం కాదు. ఆ పిల్ల కూర్చుని ఉంటే మిగతాది కూడా చెప్పేవాణ్ణి. ఇప్పటి పిల్లలకి కూర్చునే తీరిక ఉండదు కాబట్టి రాస్తున్నాను. లిఫ్టులోనైనా చదువుకుంటారు.

డెబ్బైల మధ్యలో మాట. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి, హైదరాబాదులో ఒక సర్కారు ఆఫీసులో బుద్ధిగా పనిచేసుకుంటున్నవాణ్ణి. ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి ఒక కంప్యూటర్ సంస్థలో చేరాను. హెడ్డాఫీసు మద్రాసు. ఇక్కడ ఒక కంప్యూటర్‌ని పెట్టి, దాన్ని గంటల లెక్కన కంపెనీలకి అద్దెకిచ్చేవారు. సైకిళ్ళు అద్దెకిచ్చే షాపు లాంటిదే, కాకపోతే ఈ సైకిలు ఒక హాలంతా ఆక్రమించుకుని ఉండేది, దానికి రాత్రింబవళ్ళు ఏసీ కావాలి, తొక్కేవాడు మాత్రం దొరకడు. నా హోదా పేరు సిస్టమ్స్ అనలిస్టు. ఆ మాటకి అర్థమేమిటో ఇంట్లోవాళ్ళకి చెప్పలేక, కంపెనీలవాళ్ళకి చెప్పలేక, కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది. నేను చేసేదల్లా స్కూటరేసుకుని ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి, మీ పని మా మిషను చేసిపెడుతుందని యజమానుల్ని బతిమాలడం.

వాళ్ళు వచ్చేవారు. వేసవిలో మరీ ఎక్కువగా వచ్చేవారు. చెప్పులు బయట విడిచి, చల్లని హాల్లో కూర్చుని, "ఇదేనా కంప్యూటరంటే" అని భక్తిగా చూసేవారు. అప్పుడు మా మేనేజరుగారు ఒక బటన్ నొక్కించేవారు. ప్రింటరు గడగడమని మోగి, అక్షరాలతోనే ఏనుగు బొమ్మో దేవుడి బొమ్మో వేసి, దాని కింద క్యాలెండర్ అచ్చు కొట్టేది. పైన ఆ వచ్చినాయన పేరు. ఆయన పరవశించిపోయి, ఇంట్లోవాళ్ళ కోసం ఇంకో రెండు వేయించుకుని, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, చల్లదనానికి మురిసి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ కనపడేవాడు కాదు. బాలానగర్ నుంచి సనత్‌నగర్ దాకా సగం ఆఫీసుల గోడల మీద మా క్యాలెండర్లు ఉండేవి. మా పుస్తకంలో మాత్రం ఖాతాదార్లు లేరు.

ఇలా ఎన్నాళ్ళని చూస్తారు? ఒకరోజు మద్రాసు నుంచి ట్రంకాల్ వచ్చింది. మేనేజరుగారు ఫోను పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, సంగతి చెప్పారు. వానాకాలం గడిచేలోగా ఒక్క మంచి కంపెనీ అయినా ఏడాదికి ఒప్పందం రాయకపోతే మిషనుని ఊడదీసి మద్రాసు పట్టుకుపోతారు. మేనేజరుగారు కూడా దానితో పాటే వెళతారు. నాబోటివాళ్ళూ, పంచింగ్ సెక్షన్‌లో ఉన్న ఆడపిల్లలూ ఇళ్ళకి వెళ్ళాలి. సర్కారు ఉద్యోగం నేను వదిలేసిన మర్నాడే ఇంకొకాయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. నాకు వెనక్కి వెళ్ళడానికి దారి లేదు.

పంచింగ్ సెక్షన్ గురించి ఒక్క ముక్క చెప్పాలి. అప్పట్లో కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా కొట్టడం లేదు. ఏ సమాచారమైనా ముందు అట్ట కార్డు మీద చిల్లులుగా మారాలి. ఒక్కో ఆర్డరుకి ఒక్కో కార్డు. ఆ కార్డుల దొంతరని మిషను మింగి, మనం చెప్పిన వరసలో సర్ది, కాగితం మీద అచ్చు కొడుతుంది. చిల్లులు పొడిచే ఆడపిల్లలకి పెద్దదిక్కు ఒక సూపర్‌వైజరమ్మ. పాతబస్తీలో షాలిబండ ఆవిడ. నోరు మంచిదే గాని, మొదటి రోజు నుంచీ నేను తెచ్చిన పని మీద ఆవిడకి గౌరవం లేదు. నేను స్కూటరు దిగగానే "ఇయ్యాల ఎవరికి క్యాలెండర్ సార్?" అనేది.

ఆ పరిస్థితుల్లో నాకు దొరికిన ఆఖరి ఆశ మియాపూర్ దాటాక బొంబాయి రోడ్డు మీద ఉన్న పంపుసెట్ల ఫ్యాక్టరీ. ఇప్పుడక్కడ మెట్రో, అంతకంటే ఎత్తున అపార్ట్‌మెంట్లూ. అప్పుడు రోడ్డుకి రెండు పక్కలా బండలూ, సీతాఫలం చెట్లూ, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు. పల్లెలకి కరెంటు లైన్లు పడుతున్న రోజులవి. బావి ఉన్న ప్రతి రైతుకీ మోటారు కావాలి. ఇనుము దొరకదు, రాగి దొరకదు, కరెంటు కోత. ఫ్యాక్టరీలో తయారయ్యేవి పిడికెడు, అడిగేవాళ్ళు ఊరంత. డీలర్లు ఊళ్ళ నుంచి వచ్చి గేటు దగ్గరే కాపురం పెట్టేవారు.

యజమాని ఆ చుట్టుపక్కల ఊరివాడే. పొలాలమ్మి ఫ్యాక్టరీ పెట్టిన పెద్దమనిషి. మంచితనానికి చేతులూ కాళ్ళూ మొలిస్తే ఆయనలా ఉంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నోరు తెరవకముందే అన్నం పెట్టించాడు. రెండోసారి కూడా. మూడోసారి నేను ఇంటి దగ్గర తినకుండానే వెళ్ళాను. నేను చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నాడు. గుమాస్తాలు వారం చేసే పని మా మిషను గంటలో చేస్తుందన్నాను. "మా గుమాస్తాలకు వారం ఉన్నది గదా సారూ" అన్నాడు. తప్పులుండవన్నాను. "మా దగ్గర తప్పులు ఎవరు వట్టుకుంటరు?" అన్నాడు. కాదన్నట్టు కాదు, అవునన్నట్టూ కాదు. చివరికి నా మొహం చూసి జాలిపడి, ఏ డీలరుకి ముందు పంపాలో ఏ డీలరుకి తరవాతో ఒక జాబితా వేసి చూపించండి, చూద్దాం అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. మొత్తం ఆర్డర్లన్నీ తెచ్చుకున్నాను. ప్రతి ఆర్డరుకీ ప్రాధాన్యమని ఒక అంకె పెట్టాను. చాలా తొందరగా కావలసినదానికి ఒకటి, కాస్త ఆగగలిగినదానికి రెండు, అలా తొమ్మిది దాకా. ఆ అంకెల ప్రకారం మిషను వరస తేలుస్తుంది. రెండు ఆర్డర్ల అంకె ఒకటే అయితే డీలరు నంబరు ప్రకారం వెయ్యమని ప్రోగ్రాం రాశాను. ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెప్పదగ్గ ఏర్పాటు అని నాకు నేనే వీపు తట్టుకున్నాను. ఆర్డర్ల మీద ప్రాధాన్యం వెయ్యవలసింది యజమానే కాబట్టి కాగితాలన్నీ ఆయనకిచ్చి వచ్చాను.

కాగితాలు తిరిగొచ్చాయి. సూపర్‌వైజరమ్మ వాటిని కొంతసేపు తిరగేసి, నన్ను పిలిపించింది. "సార్, ఈ ప్రాధాన్యం గడిల పిల్లలతోని చిల్లులు పొడిపియ్యాల్నా? అన్నిట్ల ఒకటే ఉన్నది. ఒకసారి అచ్చు కొట్టుకుంటే పాయె" అంది.

చూశాను. ప్రతి ఆర్డరు మీదా, ఒక్కటంటే ఒక్కటి వదలకుండా, యజమాని తన గుండ్రటి చేతిరాతతో ఒకటి వేసి పెట్టాడు. ఆయన తప్పేం లేదు. మొన్ననే వచ్చి కాళ్ళా వేళ్ళా పడిన మనిషి పేరు పక్కన రెండు అని రాయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. మూడు రాయడమంటే మనిషిని గుమ్మంలోంచి గెంటడం. ఇక తొమ్మిదంటే చంపడమే. తొమ్మిది అంకెలిచ్చి మనవాళ్ళలో ఒక మనిషి చేత ఇంకో మనిషికి తక్కువ వేయించగలననుకున్నానే, నా చదువుకి అప్పుడు నవ్వొచ్చింది.

అయినా తగుదునమ్మా అని మిషనుకి వేశాను. అంకెలన్నీ ఒకటే కాబట్టి మిషను తనకి చెప్పినట్టే డీలరు నంబరు ప్రకారం వరస తేల్చింది. నెల సరుకంతా దాదాపుగా ఒకటో నంబరు డీలరుకే. ఆ ఒకటో నంబరు ఎవరయ్యా అంటే శంకర్‌పల్లిలో షాపు పెట్టిన యజమానిగారి బావ, అంటే అక్క మొగుడు. నంబర్లు ఇచ్చినవాడు డిస్పాచ్ గుమాస్తా. ఒకటి ఇంకెవరికైనా ఇస్తే రేపు బావగారు చూసి ఏమనుకుంటారోనని అతని భయం. యజమాని మొహమాటం ఒక చోట, గుమాస్తా మొహమాటం ఇంకో చోట, రెండూ కలిసి మా మిషనులోంచి అచ్చయి వచ్చాయి.

ఆ జాబితాని రెండు పక్కలా చిల్లులున్న వెడల్పాటి కాగితం మీద పట్టుకెళ్ళి యజమాని ముందు పరిచాను. చదివాడు. బావ పేరు, బావ పేరు, బావ పేరు. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"సారూ, ఈ పని మేం మిషన్ లేకుండనే చేస్తున్నం గదా" అన్నాడు.

తలొంచుకుని కాగితం మడుచుకుంటున్నాను. ఇంతలో దూరంగా ఒక మోటారు సైకిలు చప్పుడు. ఆయన నవ్వు ఠక్కున ఆగిపోయింది. చెవులు నిక్కించి విన్నాడు. ఏ బండి ఏ డీలరుదో ఆయనకి చప్పుడు బట్టి తెలుసునని తరవాత చెప్పాడు. నా మణికట్టు పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి లాక్కెళ్ళాడు. ఇద్దరం కొలిమి షెడ్డు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం. లోపల ఇనుము కరుగుతోంది. బయట మేమూ కరుగుతున్నాం. సొంత ఫ్యాక్టరీలో యజమాని, టై కట్టుకున్న నేను, దొంగల్లాగా.

"ఎవరండీ?" అన్నాను గొంతు తగ్గించి.

"జోగిపేటాయన. పొద్దుగాల గూడ ఒచ్చిండు. ఆయన పోయినంక పోదాం, జర ఆగున్రి."

"ఈ నెల లేవని చెప్పేస్తే సరిపోతుంది కదండీ."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చిన్నపిల్లాడు చందమామని కోసుకురమ్మంటే తల్లి చూసే చూపు. "మీరు ఎవరికన్న మొఖం మీద లేదని చెప్పిన్రా సారూ?" అని అడిగాడు.

ఆలోచించాను. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. వద్దనలేక తాగిన కాఫీలు, రానని చెప్పలేక వెళ్ళిన పెళ్ళిళ్ళు, ఇవ్వనని చెప్పలేక పోగొట్టుకున్న గొడుగులు వరసగా కళ్ళముందు కదిలాయి.

"మా నాయన చెప్పి పోయిండు, గడప తొక్కినోన్ని ఉత్త చేతులతోని పంపొద్దని" అన్నాడాయన. "ఆయనకేం, వడ్లు పండించిండు. గుమ్మి నిండ ఉంటుండె. నేను పంపుసెట్లు చేస్తున్న. ఒక్క పంపుసెట్టు ఇద్దరికి ఇస్తనన్న, ముగ్గురికి ఇస్తనన్న. అందరు నన్ను అబద్ధాలోడు అంటున్నరు. బావ సంగతి చెప్పొద్దు. అక్క ఇంటికి పోయి ఏడాదయింది. ఎన్ని పంపినా సాలయి, పోతే బావ ఇంకిన్ని పంపుసెట్లని అడుగుతడు. నేను నేల చూపులు చూస్త. అక్క అన్నం గిన్నె వట్టుకొని ఇద్దరి మొఖాలు చూస్తది. ఇగ పోవుడే బంద్ చేసిన."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. నాకే ఏదోలా అయింది. నెలల తరబడి ఆ ఫ్యాక్టరీకి వచ్చి వేగం గురించీ, తప్పులు లేకపోవడం గురించీ ఉపన్యాసాలిచ్చాను. ఈయనకి వాటి అవసరం ఎప్పుడూ లేదు. ఈయనకి కావలసింది లేదని చెప్పేవాడు ఒకడు. మనిషైతే వాడికీ బంధువులుంటారు, వాడూ ఈ కొలిమి వెనకే వచ్చి నిలబడతాడు.

జోగిపేట బండి వెళ్ళిపోయాక లోపలికొచ్చి చెమట తుడుచుకుంటూ ఒక మాట చెప్పాను. ప్రాధాన్యం మీరు వెయ్యొద్దు, ఎవరూ వెయ్యొద్దు, ఆర్డరు వచ్చిన రోజు గేటు దగ్గర దాని మీద తారీఖు ముద్ర పడనివ్వండి, ముందొచ్చినవాడికి ముందు, మిషను ఆ ఒక్కటే చూస్తుంది, జాబితా గేటుకి అంటిద్దాం అన్నాను. ఆయన గేటు వైపు చూశాడు. "మరి ఎవరన్న నన్ను అడిగితే?" అన్నాడు.

"కంప్యూటర్‌ని అడగమనండి."

ఆయన ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. సరేనన్నాడు. కాని ఒప్పందం మీద సంతకం మాత్రం జాబితా ఒక నెల నిలబడ్డాకే అన్నాడు. ఆ నెల మాకు మిగిలిన ఆఖరి నెల.

సూపర్‌వైజరమ్మకి చెబితే ఈసారి ఎగతాళి చెయ్యలేదు. మిషనుకి కన్ను లేదు, మొఖం లేదు, అది మొఖమాటపడదు, మంచిగుంటది అంది. అని, వెంటనే పిల్లల మీద అరవడానికి వెళ్ళిపోయింది.

జాబితా గేటుకి అంటించిన రోజు నేను కూడా వెళ్ళి డిస్పాచ్ గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాను. డీలర్లు గుమిగూడారు. చదువు వచ్చినవాడు రానివాళ్ళకి చదివి వినిపించాడు. నేను గొడవ అవుతుందనుకున్నాను. గొణిగారు, లెక్కపెట్టుకున్నారు, పైవాడి తారీఖుని తమ తారీఖుతో పోల్చుకున్నారు, కాసేపు బీడీలు కాల్చుకున్నారు, వెళ్ళిపోయారు. అంతే. గేటు దగ్గర కాపురం ఖాళీ అయింది. జోగిపేటాయన లోపలికి వస్తే యజమాని పారిపోలేదు. కుర్చీలోనే కూర్చుని, దాని చేతులు గట్టిగా పట్టుకుని, కంప్యూటర్ అట్ల చెప్పిందని అన్నాడు. జోగిపేటాయన అదేదో దేవస్థానం వారి నిర్ణయమన్నట్టు తలూపి, మజ్జిగ తాగి వెళ్ళాడు. యజమాని నా వైపు తిరిగి గారడీ చూసిన పిల్లాడిలా నవ్వాడు.

అసలు పరీక్ష బావగారు. జాబితాలో ఆయనది పదిహేడో స్థానం. ఇన్నాళ్ళూ ఎలాగూ తనకే వస్తాయన్న ధీమాతో ఆర్డరు ఆలస్యంగా పంపేవాడు. కబురు విని మూడో రోజు జీపేసుకుని ఫ్యాక్టరీకి వచ్చాడట. యజమాని నేర్చుకున్న మంత్రం చదివాడట. కంప్యూటర్‌ని అడుగు బావా అని. ఇంకొకరైతే ఊరుకునేవారు. ఆయన మాత్రం "పద, అడుగుదాం" అని బావమరిదిని జీపులో ఎక్కించుకుని నేరుగా మా ఆఫీసుకి వచ్చేశాడు.

తెల్లటి ధోవతి, ఒత్తు మీసం, ఎండలో వచ్చిన కోపం. చెప్పులు విడవమంటే విడిచాడు గాని, చల్లదనానికి కరగలేదు. వెనక యజమాని పెళ్ళికొడుకు వెంట తోడుపెళ్ళికొడుకులా వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు. మేనేజరుగారు అలవాటు కొద్దీ క్యాలెండర్ వేయించబోతే నేను కళ్ళతోనే ఆపాను.

"ఏంది సారూ, నన్ను పదిహేడోల్ల పెట్టింది ఇదేనా?" అని మిషనుని చూపించాడు.

"అవునండి. ఆర్డరు వచ్చిన తారీఖు చూసి పెట్టిందండి."

"నేను వీని సొంత బావను. దానికి తెల్వదా?"

"తెలియదండి."

"చెప్పు."

చెప్పడం ఎంత తేలికో మీకు తెలియాలి. ఆయన కార్డు దొంతరలో ఉంది. దాన్ని తీసి, తారీఖు గడిలో వేరే చిల్లు పొడిచిన కొత్త కార్డు పెడితే చాలు. సూపర్‌వైజరమ్మ తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ తలుచుకుంటే కాఫీ వచ్చేలోగా అయిపోతుంది. అది ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, మేనేజరుగారికి తెలుసు. మేనేజరుగారు కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. ఒక్క కార్డు మారిస్తే ఈ పెద్దమనిషి సంతోషిస్తాడు. కాని రేపు గేటు దగ్గర అందరూ ఆ కాగితం చూసి నవ్వుతారు, ఎల్లుండి యజమాని కొలిమి వెనక్కి వెళతాడు, ఆ తరవాత మా మిషను మద్రాసు రైలెక్కుతుంది. గోడ పక్కన యజమాని నా వంకే చూస్తున్నాడు. ఆ చూపులో ఒక్కటే ప్రార్థన. నువ్వన్నా లేదని చెప్పవయ్యా అని.

ఎదురుగా పెద్దమనిషి, ఎండన పడి వచ్చాడు, ఒకరింటి అల్లుడు. నా నాలుక అలవాటు కొద్దీ "చూద్దాంలెండి" అనడానికి సిద్ధమైంది. దాన్ని పళ్ళ మధ్య పట్టుకున్నాను.

"అది నా మాట వినదండి. ఎవరి మాటా వినదు" అన్నాను.

జీవితంలో నేను ఒకరి మొహం మీద లేదనడం అదే మొదటిసారి. అదీ మిషను చాటున నిలబడి. సూపర్‌వైజరమ్మ నేల వంక చూసింది. నవ్వు ఆపుకోవడానికని తరవాత తెలిసింది.

బావగారు మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. లైట్లు వెలిగి ఆరడం చూశాడు. కోపం ఇంకా ఉంది గాని, దాన్ని ఎవరి మీద పెట్టాలో తోచినట్టు లేదు. మీసం దువ్వుకుని నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"నాకన్న పైన జోగిపేటాయన ఉన్నడు గదా. ఆయన గూడ ఒచ్చి అడిగిండా?"

"చాలాసార్లు అడిగారండి."

"ఆయనకు గూడ గిట్లనే చెప్పిన్రా?"

"అలాగే చెప్పామండి."

"మంత్రిగారి మనిషి ఒకడుంటడు, ఇరవై ఏదో నంబరు. ఆయనకు?"

"ఆయనకీ అంతేనండి."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు నీళ్ళడిగి తాగాడు. తాగాక, కోపం దిగిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు. ఎవరికోసం తిరుగుతున్నానని అనుకుంటున్నారు, నాక్కూడా అన్నలున్నారు, అల్లుళ్ళున్నారు, ఊళ్ళో ప్రతివాడూ నీ బావమరిదే గదా ఫ్యాక్టరీ ఓనరు, నీకు లేదంటే ఎవడు నమ్ముతాడు అంటాడు, షాపు తీయాలంటేనే భయంగా ఉంది, వెనక తలుపు నుంచి పోయి వస్తున్నాను అన్నాడు. వెనక తలుపు అన్న మాటకి యజమాని తలెత్తి ఆయన్ని చూశాడు. ఇన్నాళ్ళూ తానొక్కడే దాక్కుంటున్నాననుకున్నాడు పాపం.

"ఆ కాయితం ఒకటి నాకు గూడ ఇయ్యరాదున్రి?" అన్నాడు బావగారు. "నా పేరు కింద ఎర్ర పెన్సిల్‌తోని గీత గొట్టున్రి. షాపుల అంటిస్త. సొంత బావకే పదిహేడో నంబరంటే, ఇగ నన్ను ఎవడడుగుతడు?"

సూపర్‌వైజరమ్మే వెళ్ళి ఎర్ర పెన్సిలు తెచ్చింది. స్కేలు పెట్టి గీత కొట్టింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూసుకుని, గీత ఇంకొంచెం లావుగా కొట్టమన్నాడు. పోయేటప్పుడు తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, బావమరిది వైపు తిరగకుండానే, "ఐతారం ఇంటికి రా. మీ అక్క రోజు అడుగుతది. పంపుసెట్ల ముచ్చట తియ్యను పో" అన్నాడు.

యజమాని సరే బావా అన్నాడు. నేను మిషను వైపు తిరిగిపోయాను. ఏసీ ఎక్కువైందని మేనేజరుగారితో అన్నాను.

సోమవారం పొద్దున్నే యజమాని ఒంటరిగా వచ్చాడు సంతకం పెట్టడానికి. నెల కూడా నిండలేదు. మేనేజరుగారు రాత్రంతా కూర్చుని మా మిషను వల్ల కలిగే లాభాల మీద ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నారు. యజమాని దాన్ని మర్యాద కొద్దీ మొదటి పేజీ దాకా విని, కలం అడిగి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేశాడు. మిషను ఇక్కడే ఉంటుంది. పంచింగ్ గదిలో పిల్లలు అప్పటికే ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటున్నారు.

మేనేజరుగారి ప్రాణం ఊరుకోలేదు. ఏ లాభం చూసి ఒప్పుకున్నారో చెబితే మద్రాసుకి రిపోర్టు రాసుకోవాలి అని బతిమాలారు. ఫారం తీశారు. అందులో వరసగా గడులు, సమయం ఆదా, సిబ్బంది ఆదా, తప్పుల తగ్గింపు, చివర ఇతరములు.

యజమాని కలం మూత పెట్టి మేనేజరుగారికి ఇచ్చాడు. "నిన్న మా అక్క ఇంట్ల కడుపునిండ తిన్న సారూ" అన్నాడు. "అదే రాసుకోన్రి."

మేనేజరుగారు ఫారం వంక చూశారు, నా వంక చూశారు, మళ్ళీ ఫారం వంక చూశారు. తరవాత కళ్ళజోడు సర్దుకుని, ఇతరములు అన్న గడిలో ఇంగ్లీషులో పొందికగా అదే రాశారు.